చిన్న జట్టు అభిమాని సామాను: జెర్సీ, కండువా, జెండా, డ్రమ్‌లలో ఏది కొనాలి, ఏది వద్దు

ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో బ్రెజిల్ వెనకో జర్మనీ వెనకో నిలబడే అభిమాని ఏం కొన్నా చెల్లిపోతుంది. అదే రంగు వేసుకున్నవాళ్ళు చుట్టూ వేలల్లో ఉంటారు. ఒకరి జెండా చిన్నదైనా పక్కవాడి జెండా కనిపిస్తుంది, ఒకరి గొంతు పోయినా పాట ఆగదు. చిన్న జట్టు అభిమానులకు ఆ వెసులుబాటు లేదు. గోల్‌పోస్టు వెనక ఒక మూలన నాలుగు వరుసలు వాళ్ళవి, మిగతా స్టేడియమంతా అవతలి జట్టుది. ఆ నాలుగు వరుసలు తొంభై నిమిషాలూ కనిపించాలి, వినిపించాలి. పైగా ఖాయంగా దక్కేవి గ్రూపు దశలోని మూడు మ్యాచ్‌లే.

అందుకే ఇక్కడ ప్రతి వస్తువునూ రెండే ప్రశ్నలతో చూశాం. మైదానం మధ్యలో ఉన్న ఆటగాడికి అది తెలుస్తుందా? రెండు వారాల్లో మూడు మ్యాచ్‌లు, మధ్యలో ఉతుకులు, ప్రయాణాలు, గేటు దగ్గర తనిఖీలు, వీటన్నిటికీ నిలుస్తుందా?

తీర్పు ముందే చెప్పేస్తే: పేరు, నంబరు లేని రెప్లికా జెర్సీ కొనండి. ఆటగాళ్ళు వేసుకునే రకం వద్దు. 90 × 150 సెంటీమీటర్ల జెండా తప్పకుండా కొనండి, ఈ మొత్తంలో పెట్టిన డబ్బుకి ఎక్కువ ఫలితం ఇచ్చేది అదే. పల్చటి కండువా ఒకటి చాలు. డ్రమ్ గుంపు మొత్తానికి ఒకటి. ప్లాస్టిక్ బూర అసలు వద్దు.

ఇప్పుడు జెర్సీ సంగతి వివరంగా. పెద్ద తయారీదార్లు ఒకే జెర్సీని రెండు రకాలుగా అమ్ముతారు. ఆటగాళ్ళ రకాన్ని నైకీ ‘మ్యాచ్’ అంటుంది, అడిడాస్, ప్యూమా ‘అథెంటిక్’ అంటాయి. అభిమానుల కోసం చేసేదాన్ని అందరూ వాడుకలో రెప్లికా అనే అంటారు. ఆటగాళ్ళ రకం ధర రెప్లికా ధరకి సుమారు ఒకటిన్నర రెట్లు. ఆ ఎక్కువ డబ్బుకి వచ్చేది పల్చటి బట్ట, గాలి ఆడటానికి సన్నటి రంధ్రాలు, ఒంటికి అతుక్కునే కోత, కుట్టకుండా వేడితో అతికించిన చిహ్నం. పది కిలోమీటర్లు పరిగెత్తేవాడికి ఇవన్నీ పనికొస్తాయి. నిలబడి చప్పట్లు కొట్టేవాడికి ఇవే లోపాలవుతాయి. బ్యాగు పట్టీకి ఉన్న వెల్క్రో తగిలినా, ఉంగరం గీరుకున్నా దారం లేచిపోతుంది. అతికించిన చిహ్నం అంచులు వేడినీళ్ళ ఉతుకులకు పైకి లేస్తాయి. రెప్లికాలో చిహ్నం చాలావరకు కుట్టి ఉంటుంది, కోత వదులుగా ఉంటుంది, చలిగా ఉంటే లోపల ఇంకో చొక్కా వేసుకోవచ్చు. ఇరవై మీటర్ల అవతలి నుంచి చూస్తే రెండింటికీ తేడా తెలియదు. మనకు కావలసింది దూరం నుంచి కనిపించడమే కనుక రెప్లికాకే మా ఓటు.

సైజు దగ్గర జరిగే పొరపాటు ఎప్పుడూ ఒకటే. సైజు పట్టికలో ఇచ్చింది మనిషి ఛాతీ చుట్టుకొలతా, పరిచిన చొక్కా వెడల్పా అన్నది చూడరు. ఛాతీ 96 సెంటీమీటర్లున్న మనిషికి నేల మీద పరిచిన రెప్లికా చంక నుంచి చంకకి 52 నుంచి 54 ఉంటే హాయిగా ఉంటుంది. 50 కన్నా తగ్గితే చేతులు పైకెత్తి చప్పట్లు కొట్టినప్పుడల్లా చొక్కా బొడ్డు పైకి వస్తుంది. ఇంట్లో బాగా సరిపోయే టీషర్టుని పరిచి కొలిచి, ఆ అంకెతో పోల్చుకోవడం అన్నిటికన్నా నమ్మకం.

చిన్న జట్టు జెర్సీకే ప్రత్యేకమైన ఇబ్బంది ఇంకొకటుంది. అది ఎప్పుడు దొరుకుతుందన్నది. చిన్న జట్లకు జెర్సీలు చేసేది తరచుగా చిన్న కంపెనీలే. 2014లో ఉరుగ్వే, ఇటలీ, ఇంగ్లండ్ ఉన్న గ్రూపులో అగ్రస్థానంలో నిలిచిన కోస్టారికాకి లోట్టో చేసింది. 2016 యూరోలో, అంటే యూరప్ దేశాల కప్పులో, ఐస్‌లాండ్‌కి ఇటలీ కంపెనీ ఎరియా చేసింది. పెద్ద కంపెనీ చేసినా అమ్మకాలు తక్కువ ఉంటాయన్న లెక్కతో తక్కువే కుడతారు. జట్టు ఒక్క పెద్ద మ్యాచ్ గెలిస్తే ఆ రాత్రే దుకాణాలు ఖాళీ. మళ్ళీ తెప్పించడానికి బట్ట నేయాలి, రంగు అద్దాలి, కత్తిరించాలి, కుట్టాలి, ఓడకో విమానానికో ఎక్కించాలి. టోర్నీ నెల రోజుల్లో అయిపోతుంది. ఐస్‌లాండ్ 2016 జూన్ 27న నీస్‌లో ఇంగ్లండ్‌ని 2-1తో ఓడించింది. ఫ్రాన్స్‌తో క్వార్టర్‌ఫైనల్ జులై 3న. మధ్యలో ఆరు రోజులు. ఆరు రోజుల్లో కొత్త సరుకు అందించడం ఏ కర్మాగారానికైనా కష్టం. కాబట్టి గెలిచాక కొందామనుకోకండి. మొదటి మ్యాచ్‌కి కనీసం మూడు వారాల ముందే చేతిలో ఉండాలి. సైజు సరిపోకపోతే మార్చుకోవడానికి కూడా ఆ వ్యవధి పడుతుంది.

నకిలీలు ముంచెత్తేది సరిగ్గా ఆ ఖాళీలోనే. గుర్తుపట్టడానికి మొదట చూడాల్సింది జెర్సీ మీది ఆ దేశపు ఫుట్‌బాల్ సమాఖ్య చిహ్నం. పెద్ద జట్ల చిహ్నాలు నకిలీ చేసేవాళ్ళకి కంఠస్థం. చిన్న సమాఖ్య చిహ్నంలో మాత్రం అక్షరాలు తప్పుతారు, రంగుల వరస మారుస్తారు, సన్నటి గీతల్ని దారంతో కలిపేసి ముద్దలా కుడతారు. తర్వాత లోపలి లేబుల్ మీద ఉన్న మోడల్ కోడ్‌ని ఇంటర్నెట్లో వెతకండి. అసలైనదైతే అదే జట్టు, అదే ఏడాది జెర్సీ వస్తుంది. నకిలీల్లో వేరే జట్టుదో, ఒక బూటుదో కోడ్ అచ్చువేసి ఉండటం మామూలే. చొక్కాని తిరగేసి చిహ్నం వెనక చూడండి. దారాలు వేలాడుతుంటే, దళసరి కాగితం లాంటి ముక్క గరుగ్గా అంటుకుని ఉంటే పక్కన పెట్టండి.

అసలైనది దొరక్కపోతే నకిలీ కొనకండి, జట్టు రంగులో సాదా టీషర్టు కొనండి. ఇది సర్దుబాటు సలహా కాదు, దానికి చరిత్ర ఉంది. 1966 ప్రపంచ కప్‌లో ఉత్తర కొరియా మిడిల్స్‌బ్రో ఊళ్ళో ఆడింది. అక్కడి క్లబ్బు రంగూ ఎరుపే, వచ్చిన జట్టు రంగూ ఎరుపే. ఊరి జనం ఆ జట్టుని తమదిగా చేసుకున్నారు. జులై 19న ఎయిర్సమ్ పార్క్‌లో ఆ జట్టు ఇటలీని 1-0తో ఓడించింది. తర్వాత పోర్చుగల్‌తో క్వార్టర్‌ఫైనల్‌కి లివర్‌పూల్ దాకా మిడిల్స్‌బ్రో వాళ్ళు వెంట వెళ్ళారు. అభిమానుల రెప్లికాల వ్యాపారం ఇంకా పెద్దగా లేని కాలమది. రంగు ఒక్కటే సరిపోయింది. కాకపోతే రంగు ఛాయ సరిగ్గా చూసుకోండి. ముదురు నీలం జట్టు మధ్య ఆకాశనీలం చొక్కా దూరానికి అవతలి జట్టు మనిషిలా కనిపిస్తుంది.

రెండో జెర్సీ, అంటే బయటి మ్యాచ్‌లకి వేసే రంగు, అభిమానికి అనవసరం. ఏ మ్యాచ్‌కి ఏ జట్టు ఏ రంగు వేయాలో నిర్వాహకులే నిర్ణయిస్తారు. జట్టు తెల్లచొక్కాలతో వచ్చినా అభిమానుల వరుసలు మొదటి రంగులోనే ఉండాలి. సగం మంది అటు, సగం మంది ఇటు అయితే ఉన్న కాస్త గుంపూ రెండుగా విరిగినట్టు కనిపిస్తుంది.

పేరు, నంబరు వేయించుకోవడం విషయంలో తొందర ఖరీదైన తప్పు. టోర్నీ నంబర్లు తుది జాబితాతోనే ఖాయమవుతాయి. 2018 దాకా ప్రపంచ కప్ జాబితాలో 23 మంది, 2022 నుంచి 26 మంది. అర్హత మ్యాచ్‌లన్నిట్లో 10 వేసుకున్న ఆటగాడు టోర్నీలో 7 వేసుకోవచ్చు, మోకాలు దెబ్బతిని రాకపోనూవచ్చు. పైగా చిన్న జట్ల పేర్ల అచ్చులు దుకాణాల్లో సిద్ధంగా ఉండవు, అక్షరం అక్షరం విడిగా అతికిస్తారు. అలా అతికించినప్పుడు వేడి ఎక్కువసేపు తగిలితే బట్టలోని రంగు తెల్ల అంకెలోకి ఎక్కుతుంది. ఎర్ర జెర్సీ మీద తెల్ల అంకె రెండు రోజులకి గులాబీ రంగుకి తిరగడానికి కారణం ఇదే. దానికి మందు లేదు. ఇంట్లో ఇస్త్రీపెట్టెతో అతికించడం మరీ నష్టం. పెట్టె అంతటా వేడి, ఒత్తిడి సమానంగా ఉండవు, మూలలు అంటుకోవు, మొదటి ఉతుకులోనే లేస్తాయి. తప్పదనుకుంటే తుది జాబితా వచ్చాక, ప్రెస్ యంత్రం ఉన్న దుకాణంలో వేయించి, ఒక రోజు గడిచేదాకా నీళ్ళు తగలనివ్వకండి.

కండువా గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. అల్లిన అక్రిలిక్ కండువా చలికాలపు లీగ్ మ్యాచ్‌ల కోసం పుట్టింది. జూన్, జులై ఎండలో అది మెడకు బరువు, చెమటకు గూడు. శాటిన్ మీద అచ్చువేసింది తేలిక, జేబులో పడుతుంది, జాతీయగీతం వేళ రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంటే అక్షరాలూ స్పష్టంగా కనిపిస్తాయి. కాకపోతే అంచులు మడిచి కుట్టి ఉన్నాయో లేదో చూడండి, వేడికత్తితో కోసి వదిలేసినవి రెండో మ్యాచ్‌కే పీచులు పోతాయి. రెండు జట్ల పేర్లూ సగం సగం ఉండే కండువాలు స్టేడియం బయట అమ్ముతారు. అవతలివాళ్ళ రంగుని మన వరుసల్లోకి మనమే మోసుకెళ్ళడం ఎందుకు? వాటిని వదిలేయండి.

ఇక జెండా. నాలుగు వరుసల గుంపు టీవీ కెమెరాకి చిక్కేది జెండా వల్లే. గత ప్రపంచ కప్‌ల స్టేడియం నియమావళిలో ఫిఫా పెట్టిన హద్దు 2 మీటర్లు × 1.5 మీటర్లు. అంతకన్నా పెద్దది కావాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. కర్ర అయితే వంగే ప్లాస్టిక్‌ది, పొడవు 1 మీటరు, మందం 1 సెంటీమీటరు దాటకూడదు. చెక్క, లోహం గేటు దగ్గరే ఆగిపోతాయి. తేలిగ్గా అంటుకునే బట్ట కూడా నిషేధం. టోర్నీ టోర్నీకీ చిన్న మార్పులుంటాయి, టికెట్‌తో వచ్చే నియమావళి ఒకసారి చదవండి. బజార్లో మామూలుగా దొరికే 90 × 150 సైజు ఈ హద్దులో హాయిగా ఇముడుతుంది, ఇద్దరు పట్టుకుంటే నిండుగా కనిపిస్తుంది, వెనకవాళ్ళకి ఆట కనబడకుండా అడ్డం రాదు.

బట్ట విషయంలో అల్లిన పాలియెస్టర్ మంచిది. చదరపు మీటరుకి 110 గ్రాములున్నది గాలికి లేస్తుంది, చినగదు. చేత్తో పట్టుకుంటే అవతలి వేళ్ళ గీతలు స్పష్టంగా కనబడేంత పల్చగా ఉంటే అది అలంకరణ బట్ట. ఎండ వెనకనుంచి పడితే దాని రంగులు వెలిసినట్టుంటాయి. అంచు రెండు వరుసల కుట్టుతో ఉండాలి, కట్టే వైపు మందపాటి పట్టీ, లోహపు రింగులు ఉండాలి. చిరుగు ఎప్పుడూ ఎగిరే చివర నుంచే మొదలవుతుంది, అక్కడి కుట్టు చూసి కొనండి.

చిన్న దేశాల జెండాల్లో తయారీదార్లు చేసే తప్పులు మాత్రం బాధ కలిగిస్తాయి. జెండాలన్నిటినీ 3:5 కొలతలోకి లాగేయడం వాళ్ళ అలవాటు. నవంబరు 2025లో ప్రపంచ కప్‌కి అర్హత సాధించి, జనాభాలో అత్యంత చిన్న దేశంగా ఐస్‌లాండ్ రికార్డుని దాటిన కురసావ్ జెండా కొలత 2:3. దానికి 100 × 150 సరైన సైజు. అందులో రెండు నక్షత్రాలూ సమానం కావు, ఒకటి చిన్నది. పసుపు పట్టీ మధ్యలో కాదు, కిందికి ఉంటుంది. అదే ఏడాది అక్టోబరులో తొలిసారి అర్హత పొందిన కేప్ వర్డ్ జెండాలో నక్షత్రాలు పది, వలయంగా ఉంటాయి, కొలత 10:17. కొనేముందు నక్షత్రాలు లెక్కపెట్టండి. సౌదీ అరేబియా జెండా అయితే ఇంకో జాగ్రత్త. దాని మీది అక్షరాలు రెండు వైపులా సరిగ్గా చదవగలిగేలా ఉండాలి. ఒక వైపు అచ్చువేసిన జెండాలో వెనకవైపు తిరగబడతాయి, కాబట్టి రెండు పొరలు కలిపి కుట్టింది తీసుకోవాలి. అది మతవిశ్వాస ప్రకటన, దాన్ని నేల మీద పరచడం, నడుముకి చుట్టుకోవడం తగదు. ఆ దేశం జట్టుని అభిమానించే బయటివాళ్ళు ఇది తప్పక తెలుసుకోవాలి.

శబ్దానికి వస్తే, ప్లాస్టిక్ బూర వువుజెలా 2010 దక్షిణాఫ్రికా ప్రపంచ కప్‌తో లోకమంతా తెలిసింది. పొడవు సుమారు 65 సెంటీమీటర్లు, పలికేది దాదాపు 233 హెర్ట్జ్ దగ్గర ఒకే ఒక్క స్వరం. బూర మూతి దగ్గర సుమారు 130 డెసిబెల్స్ దాకా చేరుతుంది. అదే ఏడాది సెప్టెంబరులో యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఎఫా తన పోటీల్లో నిషేధించింది. నిషేధం లేనిచోట కూడా చిన్న గుంపుకి అది నష్టమే. ఒకే స్వరం కనుక ఎవరు ఊదినా ఒకేలా ఉంటుంది, ఊదింది ఏ జట్టువాళ్ళో ఆటగాడికి తెలియదు. అది మోగుతుంటే పాట వినబడదు. చిన్న జట్టు ఆటగాడికి తన భాషలో నాలుగు మాటలు వినబడటమే పెద్ద బలం. గ్యాస్‌తో మోగే హార్న్‌లు, మెగాఫోన్‌లు ఎలాగూ గేటు దాటవు.

డ్రమ్ మాత్రం ప్రతి పైసాకీ న్యాయం చేస్తుంది. ముందస్తు అనుమతి కావాలి, ఒక వైపు తెరిచి లోపలంతా కనబడేలా ఉన్నదైతే తనిఖీ తేలిక. రెండు వైపులా చర్మం బిగించింది గేటు దగ్గర ఆపే అవకాశం ఎక్కువ. అనుమతి కాగితం ఎవరి పేరున ఉందో డ్రమ్ వాళ్ళ చేతిలోనే ఉండాలి, పక్కవాళ్ళు మోసుకొస్తే ఆలస్యం. కర్రలు రెండు జతలు తీసుకెళ్ళండి.

డ్రమ్‌తో చిన్న గుంపు చేయగలిగే అత్యుత్తమమైన పని ఐస్‌లాండ్ అభిమానుల చప్పట్లు. వాళ్ళ సంఘం పేరు టోల్ఫన్, అంటే ‘పన్నెండు’, పదకొండు మంది ఆటగాళ్ళ వెనక నిలిచే పన్నెండో మనిషి అని. పద్ధతి ఇది: అందరూ చేతులు చాచి పైకెత్తి ఉంచుతారు. డ్రమ్ రెండు దెబ్బలు. తలపైన ఒకే చప్పట, దానితోపాటు పొట్ట లోపలినుంచి ఒక ‘హూ’. తర్వాత నిశ్శబ్దం. మళ్ళీ రెండు దెబ్బలు. మొదట్లో మధ్య ఎడం నాలుగైదు సెకన్లు ఉండాలి, తర్వాత మెల్లమెల్లగా తగ్గించుకుంటూ, చివరికి ఎడతెగని చప్పట్లలోకి చేరాలి. బలమంతా ఆ నిశ్శబ్దంలోనే ఉంది. కొత్తవాళ్ళు నాలుగో చప్పటకే వేగం పెంచేసి దాన్ని పాడుచేస్తారు. ఇంకో చిక్కు దూరం వల్ల వస్తుంది. ధ్వని సెకనుకి సుమారు 340 మీటర్లే పోతుంది కనుక డ్రమ్‌కి 50 మీటర్ల అవతల ఉన్నవాడికి దెబ్బ సెకనులో ఏడో వంతు ఆలస్యంగా వినిపిస్తుంది. అందరూ చెవిని నమ్ముకుంటే చప్పట చీలిపోతుంది. నడిపించేవాడు ఎత్తైన చోట నిలబడాలి, మిగతావాళ్ళు అతని చేతులు చూసి కొట్టాలి. డ్రమ్ పక్కనే నిలబడేవాళ్ళు చెవుల్లో నురుగు ప్లగ్గులు పెట్టుకోవాలి. పిల్లల్ని ఆ వరుసలో కూర్చోబెట్టకండి.

ముఖానికి రంగులు నీటితో కలిపేవే వాడండి, నూనె రంగులు చెమటకి కారి జెర్సీ మెడపట్టీకి అంటుకుంటాయి. ముందు సన్‌స్క్రీన్ రాసి పావుగంట ఆగి, లేత రంగు మొదట, ముదురు రంగు తర్వాత, పల్చగా వేయాలి. బొమ్మలు వేసే అక్రిలిక్ రంగులు ముఖానికి పనికిరావు. చర్మం తట్టుకుంటుందో లేదో ముందురోజే మోచేతి లోపలివైపు చుక్క పెట్టి చూసుకోండి.

ఉతుకు: గ్రూపు మ్యాచ్‌ల మధ్య నాలుగు నుంచి ఆరు రోజులుంటాయి. మ్యాచ్ అయిన రాత్రే జెర్సీని తిరగేసి, 30 డిగ్రీలు దాటని నీళ్ళలో ఉతకండి. బట్టని మెత్తబరిచే ద్రవం వేయకండి, అది పాలియెస్టర్ మీద పొరలా పేరుకుని చెమటని పీల్చనివ్వదు. డ్రయ్యర్‌లో వేయకండి, నీడన వేలాడదీస్తే తెల్లారేసరికి ఆరిపోతుంది. రంగు అంటిన మెడపట్టీని ముందు సబ్బుతో చేత్తో రుద్దాలి, వేడి తగిలితే ఆ మరక స్థిరపడిపోతుంది.

మూడో మ్యాచ్ ఓడిపోయినా సామాను సర్దేయకండి. మూడో స్థానంలో ఉన్నవాళ్ళలో మెరుగైన జట్లు కూడా ముందుకెళ్ళే పద్ధతి 2016 యూరోలో ఉంది, 48 జట్ల ప్రపంచ కప్‌లోనూ 12 గ్రూపుల నుంచి అలాంటివి ఎనిమిది వెళ్తాయి. 2016లో ఉత్తర ఐర్లాండ్ జర్మనీ చేతిలో 0-1తో ఓడి, మూడు పాయింట్లతోనే ముందుకెళ్ళింది. అవే మూడు పాయింట్లున్న అల్బేనియా జూన్ 19న రొమేనియాని గెలిచి, మిగతా గ్రూపులు ముగిసే జూన్ 22 దాకా ఎదురుచూసి, గోల్స్ తేడా మైనస్ రెండు కావడంతో ఇంటికి వెళ్ళింది. కాబట్టి మూడో మ్యాచ్‌లో ఒక గోల్ తేడాతో ఓడుతున్నా, రెండు గోల్స్ తేడాతో ఓడుతున్నా చివరి ఈల దాకా డ్రమ్ ఆపకూడదు, ఆ ఒక్క గోల్ మీదే అంతా తేలవచ్చు. తిరుగు ప్రయాణం టికెట్ మార్చుకోగలిగేది తీసుకోండి. మూడో మ్యాచ్ రాత్రి కూడా జెర్సీ ఉతికి ఆరేయండి.